కేసు రిజిస్టరు ఒక్కటే, చేతులు పది: మన డేటాబేస్ మనమే పెట్టుకుందాం

ఆ రోజు జిల్లా విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీ సమావేశానికి మేము రెండు జాబితాలతో వెళ్లాం. ఒకటి మా లాయర్ ల్యాప్‌టాప్‌లోది. రెండోది మండలాల్లో తిరిగే కార్యకర్తలు వాట్సాప్‌లో చేతులు మార్చుకుంటూ వచ్చిన ఎక్సెల్ షీటు. రెండింటిలోనూ ఒకే కేసు ఉంది. ఒకదాంట్లో ఛార్జిషీటు పడినట్టు ఉంది, ఇంకోదాంట్లో పడనట్టు ఉంది. అధికారులకు అది చాలు. "ముందు మీ లెక్క మీరు తేల్చుకుని రండి" అన్నారు. ఆ కుటుంబానికి రావాల్సిన రెండో విడత పరిహారం గురించి మాట్లాడాల్సిన పది నిమిషాలూ మా జాబితాల గొడవలోనే అయిపోయాయి. కమిటీ మళ్లీ కూర్చునేది మూడు నెలలకు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 మొత్తం తేదీల మీద నడిచే చట్టం. తక్షణ సాయం ఏడు రోజుల్లోపు అందాలి. డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేసి 60 రోజుల్లోపు ఛార్జిషీటు వేయాలి. ఛార్జిషీటు పడిన రెండు నెలల్లో, వీలైనంతవరకు, విచారణ ముగియాలి. చాలా నేరాల్లో పరిహారం విడతలుగా వస్తుంది: ఎఫ్ఐఆర్ దగ్గర కొంత, ఛార్జిషీటు దగ్గర కొంత, శిక్ష పడ్డాక మిగతాది. జిల్లా కమిటీ కనీసం మూడు నెలలకొకసారి కూర్చోవాలి. ఇందులో ఏ గడువు దాటిందో చెప్పగలిగితేనే మనం అడగగలం. తేదీ మన దగ్గర లేకపోతే, రెండు తేదీలు ఉంటే, మన నోరు పడిపోతుంది.

పైగా ఈ కేసులు ఏళ్ల తరబడి నడుస్తాయి. చుండూరులో 8 మంది దళితులను చంపింది 1991 ఆగస్టు 6న. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పింది 2007లో. హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది 2014లో. అన్నేళ్లు ఏ ల్యాప్‌టాప్ బతకదు. ఏ కార్యకర్తా ఒకే చోట ఉండడు. కేసు ఎంతకాలం నడిస్తే మన రిజిస్టరు అంతకాలం నిలవాలి, ఎవరు వెళ్లిపోయినా నిలవాలి.

ఆ సమావేశం తర్వాతే మేము ఎక్సెల్ షీట్లు మానేసి, ఆఫీసులో ఒక డేటాబేస్ సర్వర్ పెట్టుకున్నాం. మాలో కంప్యూటర్ చదువు చదివినవాళ్లు ఇద్దరే. మిగతావాళ్లం నేర్చుకున్నాం, తప్పులు చేశాం. మీ జిల్లాలో ఆ తప్పులు జరగకుండా ఉండాలని ఇది రాస్తున్నాం.

ఫైలు వేరు, సర్వర్ వేరు

ఎక్సెల్ షీటు ఒక ఫైలు. చూడాలంటే ఫైలు మొత్తం మన చేతికి రావాలి. అంటే ఒక ఫోన్ నంబరు కోసం తెరిచినవాళ్లకు కూడా జిల్లాలోని బాధితులందరి పేర్లు, ఊళ్లు, నంబర్లు వచ్చేస్తాయి. పంపిన ప్రతిసారీ కొత్త నకలు పుడుతుంది. ఏ నకలు ఎవరి ఫోన్‌లో ఉందో ఎవరికీ తెలియదు.

క్లయింట్-సర్వర్ పద్ధతి తహసీల్దార్ ఆఫీసులో రికార్డు రూము లాంటిది. మనం లోపలికి వెళ్లం. కౌంటర్ దగ్గర నిలబడి ఏ సర్వే నంబరు కావాలో చెబుతాం. లోపలున్న మనిషి మనమెవరో చూసి, మనకు చూపించదగ్గ కాగితమే తెచ్చి చూపిస్తాడు. కట్ట మొత్తం బయటికి రాదు. ఇక్కడ రికార్డు రూము సర్వర్. కౌంటర్ ముందు నిలబడిన మన ల్యాప్‌టాప్ క్లయింట్. పదిమంది ఒకేసారి పది ప్రశ్నలు అడగొచ్చు. అందరికీ జవాబు ఒకే రిజిస్టరు నుంచి వస్తుంది.

ఈ పోలిక చెప్పగానే మాలో ఒక పెద్దాయన నవ్వాడు. "అంటే మళ్లీ కరణాన్ని కూచోబెడుతున్నారన్నమాట" అన్నాడు. ఆయన అన్నదాంట్లో నిజముంది. వంశపారంపర్య కరణం పదవులు 1984లో రద్దయ్యేదాకా ఊరి లెక్కంతా ఒక కులం మనిషి దస్తరంలో ఉండేది. ఎవరి భూమి ఎవరి పేరున ఉందో ఆయన చెప్పిందే మాట. సర్వర్ పాస్‌వర్డ్ ఒక్కరి దగ్గరే ఉంటే మనం కూడా అదే పని చేస్తున్నట్టు. అందుకే ఏ సాఫ్ట్‌వేర్ అన్న మాటకంటే ముందు తాళం ఎవరి దగ్గర, ఎవరికి ఏది కనపడాలి అన్నది కూర్చుని తేల్చుకున్నాం. ఆ చర్చకు మాకు రెండు పూటలు పట్టింది. సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి గంట పట్టింది.

ముందు కాగితం మీద

కంప్యూటర్ ముట్టుకోకముందు తెల్ల కాగితం మీద పట్టికలు గీసుకోవాలి. మేము మొదట ఒకే పెద్ద పట్టిక గీశాం. బాధితుడి పేరు, నిందితుడి పేరు, ఎఫ్ఐఆర్ నంబరు, ఛార్జిషీటు తేదీ, పరిహారం అన్నీ ఒకే వరుసలో. నిందితులు ఏడుగురుంటే ఏం చేయాలో తెలియలేదు. విడదీయక తప్పలేదు.

ఇప్పుడు మా దగ్గర నాలుగు పట్టికలున్నాయి. మొదటిది కేసుల పట్టిక: పోలీస్ స్టేషన్, ఎఫ్ఐఆర్ నంబరు, సెక్షన్లు, మండలం, ఊరు. రెండోది మనుషుల పట్టిక: పేరు, చిరునామా, ఫోన్, ఆ కేసులో బాధితులా, సాక్షులా, నిందితులా. మూడోది సంఘటనల పట్టిక: ఏ తేదీన ఏం జరిగింది, ఎవరు నమోదు చేశారు. నాలుగోది పరిహారం: ఏ విడత, ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఎప్పుడు వచ్చింది. ఈ నాలుగింటినీ కలిపేది మనమే ఇచ్చుకున్న ఒక కేసు సంఖ్య.

మనుషుల పట్టికను విడిగా పెట్టడం ఇందులో ముఖ్యమైన సంగతి. గడువు దాటిన కేసులెన్నో లెక్క తీయడానికి ఎవరి పేరూ అక్కర్లేదు. పేర్లు వేరే పట్టికలో ఉంటే, ఆ పట్టికకు వేరే తాళం వేయొచ్చు.

సంఘటనల పట్టికలో పాత వరుసను దిద్దడం ఉండదు, కొత్త వరుస చేర్చడమే ఉంటుంది. "ఛార్జిషీటు వేశారని ఎస్సై చెప్పారు" అన్నది ఒక వరుస. "కోర్టులో చూశాం, ఇంకా వేయలేదు" అన్నది ఇంకో వరుస. రెండూ ఉంటాయి, రెండింటికీ తేదీ ఉంటుంది, రాసినవాళ్ల పేరు ఉంటుంది. ఇద్దరు ఒకే సమయంలో రాసినా ఒకరి రాత ఇంకొకరి రాతను చెరపదు. కమిటీ ముందు మేము ఓడిపోయిన గొడవ ఇలా ఉంటే వచ్చేదే కాదు.

ఏ యంత్రం, ఏ సాఫ్ట్‌వేర్

మేము వాడేది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్. 1986లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పుట్టిన ప్రాజెక్టు నుంచి వచ్చింది. డబ్బు కట్టక్కర్లేదు, లైసెన్సు అడిగేవాళ్లు లేరు. మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ కూడా ఈ పనికి సరిపోతాయి. పోస్ట్‌గ్రెస్‌లో ఒకే పట్టికలో ఎవరి మండలం వరుసలు వాళ్లకే కనపడేలా చేసే ఏర్పాటు ఉంది కాబట్టి దాన్ని ఎంచుకున్నాం.

ఒక జిల్లా కేసులకు పెద్ద యంత్రం అవసరం లేదు. 8 జీబీ ర్యామ్, ఒక ఎస్ఎస్‌డీ డిస్కు ఉన్న పాత డెస్క్‌టాప్ చాలు. దానికి యూపీఎస్ తప్పనిసరి. లినక్స్ ఎక్కించేటప్పుడే డిస్కు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే ఎంపిక వస్తుంది, అది తీసుకోండి. యంత్రాన్ని ఎవరైనా ఎత్తుకుపోయినా లోపలి పేర్లు చదవలేరు. దీనికి ఒక ఇబ్బంది ఉంది. కరెంటు పోయి యంత్రం ఆగితే, మళ్లీ లేచేటప్పుడు ఎవరో ఒకరు వచ్చి డిస్కు పాస్‌వర్డ్ కొట్టాలి. ఎండాకాలం కోతల్లో మాకు ఇది విసుగే. అయినా సాక్షుల చిరునామాలు బయటపడటం కంటే ఆ విసుగు నయం అనుకున్నాం.

ఆ యంత్రం మీద ఇంకే పనీ చేయకండి. కరపత్రాలు డిజైన్ చేసేదీ, పెన్‌డ్రైవ్‌లు పెట్టేదీ వేరే కంప్యూటర్‌లో.

తెలుగు పేర్లు, మన తేదీలు

ఇంగ్లీషు పుస్తకాలు చెప్పని చిక్కులు ఇక్కడ వస్తాయి.

డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా వాడుతున్న అను లాంటి పాత ఫాంట్లు యూనికోడ్ కావు. అందులో టైపు చేసిన ఫిర్యాదును అలాగే డేటాబేస్‌లో అతికిస్తే అర్థం లేని అక్షరాలు కనపడతాయి. ముందు యూనికోడ్‌లోకి మార్చాలి. డేటాబేస్ సృష్టించేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఖాయం చేసుకోవాలి.

యూనికోడ్‌లో రాసినా ఒకే మాట రెండు రకాలుగా నిల్వ కావచ్చు. ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం గుర్తుకు కింద ఇంకో గుర్తు చేర్చీ రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు రెండు వేర్వేరు మాటలు. "సైదులు" అని వెతికితే ఉన్న సైదులు దొరకడు. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి ఈ రెండు రూపాలనూ ఒకటి చేసే నార్మలైజ్ అనే ఫంక్షన్ ఉంది. నమోదు సమయంలోనే దాన్ని వాడాలి. "పోస్ట్‌మార్టం" లాంటి మాటల్లో ఒత్తు పడకుండా మనం కొట్టే కనపడని అక్షరం కూడా ఇలాగే వెతుకులాటను పాడుచేస్తుంది. నార్మలైజ్ దాన్ని తీసేయదు. వెతికేటప్పుడు ఆ అక్షరాన్ని తొలగించి పోల్చే ఏర్పాటు విడిగా చేసుకోవాలి.

ఊరి పేర్లను ఎవరికి తోచినట్టు వాళ్లు టైపు చేయనివ్వకూడదు. కేంద్ర ప్రభుత్వ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి ఊరికీ ఒక కోడ్ ఉంది. ఆ జాబితాను ముందే ఎక్కించి, అందులోంచి ఎంచుకోమనాలి. ఒకే పేరున్న ఊళ్లు రెండు మండలాల్లో ఉన్నా తికమక ఉండదు.

అన్నిటికంటే ప్రమాదం తేదీలది. మనం 03/04/2024 అని రాస్తే ఏప్రిల్ 3. అమెరికా పద్ధతిలో ఉన్న సర్వర్ దాన్ని మార్చి 4 అని చదువుతుంది, ఏ హెచ్చరికా ఇవ్వదు. ఏప్రిల్ 3 నుంచి 60 రోజులంటే జూన్ 2. మార్చి 4 నుంచి 60 రోజులంటే మే 3. గడువు దాటకుండానే దాటిందని నెల ముందే వెళ్లి అడిగితే మన మాటకు విలువ పోతుంది. అందుకే ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు: 2024-04-03. గడువు తేదీని మనం లెక్కపెట్టం. ఎఫ్ఐఆర్ తేదీకి 60 కలపమని సర్వర్‌కే చెబుతాం.

తలుపు తెరవడం

పోస్ట్‌గ్రెస్ ఎక్కించిన వెంటనే అది తన యంత్రంలోంచి వచ్చే మాటే వింటుంది. పక్క గదిలోని ల్యాప్‌టాప్ నుంచి పిలిస్తే పలకదు. చాలామంది ఇక్కడ విసిగిపోయి, ఇంటర్నెట్‌లో దొరికిన సలహా చూసి అన్ని తలుపులూ ఒకేసారి తీసేస్తారు. మేమూ మొదట అదే చేశాం. అలా చేయకండి. నాలుగు మెట్లలో, ఒక్కో తలుపే తీయాలి.

మొదటి మెట్టు, సర్వర్‌కు మారని చిరునామా. ఆఫీసు రౌటర్‌లో ఆ యంత్రానికి ఒక ఐపీ అడ్రస్‌ను కేటాయించండి, 192.168.1.10 అనుకుందాం. మీవాళ్లు పనిచేసే ల్యాప్‌టాప్‌లకు కూడా ఇలాగే ఒక్కో చిరునామా ఇవ్వండి.

రెండో మెట్టు, ఎక్కడి నుంచి వినాలో చెప్పడం. పోస్ట్‌గ్రెస్ ప్రధాన సెట్టింగుల ఫైల్లో లిజన్ అడ్రసెస్ అనే వరుస ఉంటుంది. అక్కడ నక్షత్రం గుర్తు పెడితే ఎటు నుంచి పిలిచినా వింటుంది. నక్షత్రం వద్దు. లోకల్‌హోస్ట్ అని, దాని పక్కన 192.168.1.10 అని మాత్రమే రాయండి. ఈ మార్పు పనిచేయాలంటే సర్వీసును ఆపి మళ్లీ మొదలుపెట్టాలి.

మూడో మెట్టు, ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పడం. దీనికి పీజీ హెచ్‌బీఏ అనే వేరే ఫైలు ఉంది. ఒక్కో వరుసలో అయిదు సంగతులుంటాయి: కనెక్షన్ రకం, డేటాబేస్ పేరు, వాడేవాళ్ల పేరు, ఏ చిరునామా నుంచి, ఎలా రుజువు చేసుకోవాలి. సర్వర్ పై నుంచి కిందికి చదువుతుంది. సరిపోయిన మొదటి వరుసే చెల్లుతుంది, కింద ఏం రాసినా చూడదు. ఏ వరుసా సరిపోకపోతే లోపలికి రానివ్వదు. కనెక్షన్ రకం హోస్ట్‌ఎస్ఎస్ఎల్ అని రాయండి, అప్పుడు ఎన్‌క్రిప్ట్ కాని కనెక్షన్ ఆ వరుసతో లోపలికి రాదు. రుజువు పద్ధతి స్క్రామ్-షా-256 పెట్టండి. ట్రస్ట్ అనే పద్ధతి కూడా ఉంటుంది. ఆ మాటకు అర్థం నమ్మకం అయినా, అది పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి పంపుతుంది. నెట్‌వర్క్ వరుసల్లో దాన్ని ఎప్పుడూ రాయకండి. చిరునామా దగ్గర 192.168.1.0/24 అని రాస్తే ఆఫీసు వైఫై పాస్‌వర్డ్ తెలిసిన ప్రతి ఒక్కరూ తలుపు దాకా వచ్చినట్టే. మన ఆఫీసులకు వచ్చేపోయే జనం ఎక్కువ. అందుకే ఒక్కో ల్యాప్‌టాప్ చిరునామాకు ఒక్కో వరుస రాశాం. ఈ ఫైలు మార్చాక సర్వీసు ఆపక్కర్లేదు, సెట్టింగులు మళ్లీ చదవమంటే చాలు.

నాలుగో మెట్టు, ఫైర్‌వాల్. పోస్ట్‌గ్రెస్ వినే పోర్టు 5432. ఆ ల్యాప్‌టాప్‌ల నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ ఆ పోర్టుకు దారి లేకుండా చేయండి. రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ పెట్టి 5432ను ఇంటర్నెట్‌కు తెరవకండి. అలా తెరిచిన పోర్టుల కోసం వెతికే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి.

క్లయింట్ వైపు కూడా ఒక సంగతి చూడాలి. పోస్ట్‌గ్రెస్ క్లయింట్లు మామూలుగా ఎన్‌క్రిప్షన్ దొరికితే వాడతాయి, దొరక్కపోతే లేకుండానే వెళ్లిపోతాయి. అవతల ఉన్నది మన సర్వరో కాదో కూడా సరిచూడవు. ఎస్ఎస్ఎల్ మోడ్ దగ్గర వెరిఫై-ఫుల్ అని పెట్టి, సర్వర్ సర్టిఫికెట్‌కు సంతకం చేసిన మూల సర్టిఫికెట్‌ను ప్రతి ల్యాప్‌టాప్‌లో ఉంచాలి. అప్పుడే తలుపుకు రెండు వైపులా గడియ పడినట్టు.

మండలాల నుంచి ఎలా?

కేసు జరిగేది ఆఫీసులో కాదు, ఊళ్లో. కార్యకర్త అక్కడి నుంచే నమోదు చేయాలి. దానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ వాడుతున్నాం. ప్రతి ల్యాప్‌టాప్‌కు, ఫోన్‌కు వేరే తాళంచెవి. ఫోన్ పోతే ఆ ఒక్క చెవిని సర్వర్ జాబితాలోంచి తీసేస్తే సరి, మిగతావాళ్ల పని ఆగదు. వీపీఎన్ నుంచి వచ్చేవాళ్ల కోసం లిజన్ అడ్రసెస్‌లో, పీజీ హెచ్‌బీఏలో, ఫైర్‌వాల్‌లో ఆ వీపీఎన్ చిరునామాలను కూడా చేర్చాలి. ఇది మరిచిపోయి మేము ఒక రోజంతా తల పట్టుకున్నాం.

మన దగ్గర చాలా బ్రాడ్‌బ్యాండ్, మొబైల్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ ఉండదు. బయటి నుంచి నేరుగా ఆఫీసు సర్వర్‌ను పిలవలేం. అప్పుడు చిన్న సర్వర్ ఒకటి అద్దెకు తీసుకుని, ఆఫీసు, కార్యకర్తలు ఇద్దరూ దాని దగ్గర కలిసేలా చేయాలి. డేటా అక్కడ నిల్వ కాదు, దాటి వెళుతుందంతే. అయితే వీపీఎన్ ఎన్‌క్రిప్షన్ ఆ మధ్య యంత్రం దగ్గర విప్పి మళ్లీ వేస్తారు. లోపల డేటాబేస్ ఎస్ఎస్ఎల్ కూడా ఉంటే ఆ మధ్య యంత్రం నడిపేవాళ్లు కూడా చదవలేరు. రెండు తాళాలు ఎందుకని విద్యార్థులు అడుగుతుంటారు. ఇందుకే.

ఎవరికి ఏది కనపడాలి

అందరూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ వాడటం మన సంఘాల్లో పాత అలవాటు. అది మానాలి. మనిషికో లాగిన్ ఉండాలి. సంఘం వదిలి వెళ్లినవాళ్ల లాగిన్ ఆ రోజే మూసేయాలి. దాంట్లో అనుమానం, అవమానం ఏమీ లేవు. పోస్ట్‌గ్రెస్ అనే సర్వాధికార లాగిన్ నెట్‌వర్క్ నుంచి అసలు పనిచేయకూడదు.

హక్కులను మనుషులకు విడివిడిగా ఇవ్వకుండా బాధ్యతలకు ఇచ్చాం. మండల కార్యకర్త తన మండలం కేసులు చూస్తాడు, కొత్త సంఘటన చేరుస్తాడు. లాయర్ తాను వాదించే కేసుల్లో మనుషుల వివరాలు కూడా చూస్తారు. లెక్కలు తీసే విద్యార్థులకు మనుషుల పట్టిక కనపడదు. వరుసను తుడిచేసే హక్కు మాలో ఎవరి రోజువారీ లాగిన్‌కూ లేదు. తీసేయాల్సి వస్తే ఇద్దరు కూర్చుని తీయాలి.

మండలాల వారీ అడ్డుగోడను రో లెవెల్ సెక్యూరిటీ అంటారు. పట్టిక మీద దాన్ని ఆన్ చేసి ఏ నియమమూ రాయకపోతే మామూలు లాగిన్లకు ఒక్క వరుసా కనపడదు. నియమం రాసినంత మేరకే కనపడుతుంది. కానీ పట్టిక యజమాని లాగిన్‌కు ఈ గోడ మామూలుగా అడ్డురాదు, సర్వాధికార లాగిన్‌కైతే ఎప్పుడూ అడ్డురాదు. యజమాని పేరుతో తయారుచేసిన వ్యూల ద్వారా చూసినా గోడ దాటేసినట్టే. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి వ్యూకు సెక్యూరిటీ ఇన్వోకర్ అనే ఎంపిక ఉంది, దాన్ని ఆన్ చేస్తే చూసేవాళ్ల హక్కులే చెల్లుతాయి. మేము గోడ కట్టాక ఒక మండలం లాగిన్‌తో లోపలికెళ్లి పక్క మండలం కేసు కోసం వెతికాం. కనపడింది. కారణం ఇలాంటి వ్యూనే. కట్టినవాళ్లే పరీక్షిస్తే చాలదు, ఇంకొకరితో వెతికించండి.

అంకెలు కూడా మనిషిని పట్టిస్తాయి. ఫలానా ఊరు, ఫలానా నెల, అత్యాచారం కేసులు: 1 అని బయటపెడితే ఆ ఊళ్లో అందరికీ ఎవరో తెలిసిపోతుంది. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం నేరం. ఒకప్పటి ఐపీసీ 228ఏ, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 72 చెప్పేది ఇదే. సాక్షుల పేర్లు, చిరునామాలు జనానికి దొరికే కేసు రికార్డుల్లో కనపడకుండా ఉంచే చర్య గురించి అట్రాసిటీ చట్టంలో 2015 సవరణతో వచ్చిన 15ఏ సెక్షన్ చెబుతోంది. కోర్టుకు చెప్పిన జాగ్రత్త మనకు వర్తించదా? అందుకే విద్యార్థులకు ఇచ్చే లెక్కల్లో అయిదు కంటే తక్కువ ఉన్న అంకెలు చూపించం. ఊరి స్థాయి బదులు డివిజన్ స్థాయి ఇస్తాం.

నకలు లేని రిజిస్టరు రిజిస్టరు కాదు

ప్రతి రాత్రి పీజీ డంప్ అనే సాధనంతో పూర్తి నకలు తీస్తాం. ఆ ఫైలును ఎన్‌క్రిప్ట్ చేసి వేరే ఊళ్లో, వేరే డిస్కులో ఉంచుతాం. అదే గదిలో ఉంచిన బ్యాకప్ వరదకూ దొంగతనానికీ అసలుతో పాటే పోతుంది. లాగిన్ల జాబితా మామూలు డంప్‌లోకి రాదు, దానికి విడిగా నకలు తీయాలి. ఒకచోట మారింది వెంటనే ఇంకోచోట మారేలా రెండో సర్వర్ పెట్టుకున్నా అది బ్యాకప్ కాదు. ఇక్కడ పొరపాటున తుడిచేస్తే అక్కడా తుడిచిపెట్టుకుపోతుంది.

నెలకోసారి ఆ నకలును ఖాళీ యంత్రంలో ఎక్కించి చూస్తాం. మొదటిసారి ఎక్కించినప్పుడు పాస్‌వర్డ్ రాసిన కాగితం ఎక్కడుందో ఎవరికీ గుర్తు లేదు. అసలు ప్రమాదం రాకముందే అది తెలియడం మా అదృష్టం. ఇప్పుడు డిస్కు తాళం, బ్యాకప్ తాళం రెండూ మూసిన కవర్లలో ఇద్దరి ఇళ్లలో ఉన్నాయి. ఆ ఇద్దరిలో ఒకరు మహిళా కార్యకర్త కావాలనీ, ఇద్దరూ ఒకే కుటుంబం కాకూడదనీ మేము పెట్టుకున్న నియమం.

ఆ రిజిస్టరు ఎవరిది?

ఇంత చేశాక ఒక సాయంత్రం, మొదట్లో చెప్పిన ఆ కుటుంబంలోని తల్లి ఆఫీసుకు వచ్చింది. "నా కేసు గురించి ఏం రాశారయ్యా అందులో?" అని అడిగింది. ఆమెకు చూపించే ఏర్పాటు మేము చేయలేదు. కార్యకర్తకు, లాయర్‌కు, విద్యార్థికి హక్కులు రాశాం. బాధితురాలిని మరిచిపోయాం. కరణం గురించి అంత మాట్లాడినవాళ్లం కూడా!

ఆ రాత్రే ఒక కొత్త పేజీ తయారుచేశాం. ఒక కేసు సంఖ్య ఇస్తే, జరిగిన సంఘటనలు, దాటిన గడువులు, రావాల్సిన పరిహారం, వచ్చిన పరిహారం తెలుగులో ఒక కాగితం మీద ప్రింటు వస్తుంది. మర్నాడు ఆమెకు చదివి వినిపించాం. ఒక తేదీ తప్పని ఆమే చెప్పింది. మొదటి విడత డబ్బు పడిన రోజు ఆమె బ్యాంకు పుస్తకంలో ఉంది, మా దగ్గర వారం తేడాగా ఉంది. దిద్దాం. అంటే పాత వరుసను అలాగే ఉంచి, కొత్త వరుస చేర్చాం. నమోదు చేసింది ఎవరు అన్న చోట కార్యకర్త పేరు ఉంది, ఆధారం అన్న చోట "బాధితురాలు, బ్యాంకు పాస్‌బుక్" అని ఉంది.

తర్వాతి కమిటీ సమావేశానికి మేము ఒకే కాగితంతో వెళ్లాం. ఎఫ్ఐఆర్ తేదీ, 60వ రోజు, ఆ రోజు దాటి ఎన్నాళ్లయింది, ఎంత పరిహారం ఆగింది. ఈసారి మా లెక్క గురించి ఎవరూ అడగలేదు. ఛార్జిషీటు ఎందుకు వేయలేదో చెప్పాల్సిన వంతు వాళ్లదైంది. ఆ జవాబు మినిట్స్‌లో రాయించి, ఒక నకలు తెచ్చుకుని, సాయంత్రానికి రిజిస్టరులో ఇంకో వరుస చేర్చాం.

మీ జిల్లాలో మొదలుపెట్టేవాళ్లు ముందు కాగితం మీద పట్టికలు గీయండి. ఎవరికి ఏది కనపడాలో మీ ఊళ్ల ఆడవాళ్లను కూడా కూర్చోబెట్టుకుని తేల్చండి. కల్పిత పేర్లతో పది కేసులు నమోదు చేసి, గోడలు దూకడానికి ప్రయత్నించండి. బ్యాకప్ నుంచి ఒకసారి తిరిగి ఎక్కించండి. ఇవన్నీ అయ్యాకే మొదటి నిజమైన పేరు రాయండి. రాసిన తర్వాత ఆ మనిషిని పిలిచి చూపించండి.